కాంటా వైరు ఊడితే

మానుకోట దగ్గరి తండాలో పుట్టి, వరంగల్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివిన చందూలాల్, 1988లో జనగామలోని ఒక పత్తి మిల్లులో కంప్యూటరు మీద పనికి కుదిరాడు. కాంటా మీద పత్తి నింపిన గోనె బోరం పెట్టగానే దాని తూకం వైరు గుండా కంప్యూటరులోకి చేరేది. అట్లా చేర్చే చిన్న ప్రోగ్రామును డ్రైవర్ అంటారని చెబితే, ఏ లారీకని అడిగారు హమాలీలు.

నెల తిరక్కుండానే గొడవ మొదలైంది. కాంటా వైరు ఊడిందంటే చాలు, కంప్యూటరు బిగుసుకుపోయేది. ఏ మీట నొక్కినా పలకదు. ఆపి మళ్లీ పెడితే పొద్దుటి నుంచి ఎక్కిన తూకాలన్నీ మాయం. తరిగొప్పుల నుంచి, పాలకుర్తి నుంచి బండ్లు కట్టుకొచ్చిన రైతులు బోరాలన్నీ మళ్లీ కాంటాకెక్కించాలి.

ఒక శనివారం, మిల్లు ఊడ్చే పెంటమ్మ చీపురు తగిలి మూడోసారి వైరు ఊడింది. యజమాని రఘునాథ్ అందరి ముందు ఆమె చేతిలోని చీపురు లాక్కొని గేటు బయటికి విసిరేశాడు.

"రేపటి సంది రాకు."

"రాలిన దూది ఊడ్వకుంటే నిప్పంటుకుంటదని మీరే చెప్తిరి గద, దొరా," అంది పెంటమ్మ. ఆయన వినలేదు.

చందూలాల్ కోపంగా గేటు దాటాడు. పోస్టాఫీసుకు పోయి, ఆ ప్రోగ్రాము రాసిన హైదరాబాదు ఇంజనీరు విద్యాసాగర్‌కు ట్రంకాల్ చేశాడు.

"సార్, వైరు ఊడితే మిషన్ ఆగిపోతున్నది. జర సూడుండ్రి."

"సూడుండ్రా?" ఇంజనీరు నవ్వాడు. "అసలు వైరెందుకు ఊడాలయ్యా? మీవాళ్లను జాగ్రత్తగా ఉండమను. నా ప్రోగ్రాములో తప్పేం లేదు."

చందూలాల్ ఠపీమని ఫోను పెట్టేశాడు. వైరన్నాక ఊడుతుంది. కాలు తగులుతుంది, ఎలుక కొరుకుతుంది. ఊడదనుకొని రాసినవాడిది తప్పు గాని ఊడ్చినామెది కాదు.

మర్నాడు ఆదివారం, మిల్లుకు సెలవైనా పోయాడు. ప్రోగ్రామును అచ్చు తీసి, కాగితాలు నేల మీద పరిచి వరుస వరుసా చదివాడు. మధ్యాహ్నానికి దొరికింది. ప్రోగ్రాము కాంటాను తూకం అడగాలి, జవాబు వచ్చేదాకా అక్కడే నిలబడాలి. రాకపోతే ఏం చెయ్యాలో రాయనేలేదు. పైగా తూకాలను దాచే ఫ్లాపీలోకి అవి సాయంత్రందాకా ఎక్కవు. గింతదానికి ఒక మనిషి నోటికాడి కూడు తీశారని పళ్లు కొరికాడు.

కొంతసేపు చూసి, జవాబు రాకుంటే తెర మీద ఆ సంగతి చెప్పి వెనక్కి రావాలని రాశాడు. ప్రతి తూకమూ అప్పటికప్పుడే ఫ్లాపీలో చేరేట్టు చేశాడు. వైరు పీకితే ఈసారి ఆగలేదు. కానీ తిరిగి తగిలిస్తే యాభై కిలోల రాయి ఐదు కిలోలని చూపింది. పీకేటప్పుడు సగంలో తెగిన అంకె లోపలే మిగిలిపోయింది. తిట్టుకుంటూ, ఆ మిగులును పారేసి మొదటి నుంచి అడిగే వరుసలు కలిపాడు.

సోమవారం రైతులంతా చూస్తుండగా రఘునాథ్‌ను పిలిచి, తూకం నడుస్తుండగానే వైరు పీకాడు. వైరు ఊడిందని తెర చెప్పింది. తగిలిస్తే తర్వాతి బోరం తూకం సరిగ్గా వచ్చింది. మళ్లీ పీకాడు, మళ్లీ తగిలించాడు.

"సాలు. శానా మంచి పని జేసినవ్," అన్నాడు రఘునాథ్.

"పెంటమ్మ తప్పు లేదని గీ మందిల చెప్పుండ్రి, సార్."

రఘునాథ్ మొహం ఎర్రబడింది. "రమ్మను. పనిల పెట్టుకుంట."

"పని ఆమె ఇష్టం. తప్పు లేదని చెప్పుండ్రి."

రైతులెవరూ కదలలేదు. చివరికి ఆయన, "ఆమె తప్పేం లేదు," అని గొణిగి లోపలికి పోయాడు.

ఆ మాట మోసుకొని చందూలాల్ పెంటమ్మ ఇంటికి పోయాడు. ఆమె అరుగు మీద బీడీలు చుడుతోంది.

"మంచిగైంది, బిడ్డా. కానీ గా జాగల నేను కాలు పెట్ట. కూసో, చాయ తాగు."

అతడు కూర్చున్నాడు. చాయ చల్లారింది గాని కోపం దిగలేదు.