అత్తమ్మ బొట్టు, ఆయన బ్రేకు

మా ఆయన సైకిలు కొన్నది తొక్కడానికే అని ఇంట్లో అందరం అనుకున్నాం. అందరం అంటే నేనూ, మా అత్తమ్మా. షుగరు మాత్రలు మార్చి మార్చి విసిగిపోయిన డాక్టరు ఆ వానాకాలంలో ఒక మాట తేల్చి చెప్పాడు. "రోజూ ఒళ్లు చెమట పట్టాలి. కార్తీకం దాటాక మళ్లీ పరీక్ష చేద్దాం. అప్పటికీ ఇలాగే ఉంటే ఇన్సులిన్ సూది తప్పదు." సూది అనేసరికి ఈయన మొహం తెల్లబోయింది. ఆ వారంలోనే గేర్లూ డిస్కు బ్రేకులూ ఉన్న సైకిలు ఒకటి చిలకలగూడలో మా రెండో అంతస్తు బాల్కనీకి ఎక్కింది.

ఎక్కడమైతే ఎక్కింది గానీ దిగలేదు. కొత్త చెయినుకు కంపెనీవాళ్లు పూసిన జిడ్డు ఉంటుందనీ, ముందు దాన్ని వదిలించాలనీ ఫోనులో ఎవరో చెప్పారట. దేనితో వదిలించాలన్నది మొదటి చిక్కు. అంట్ల సబ్బు వాడొచ్చని ఒకడు, వాడితే చెయిను తుప్పు పడుతుందని ఇంకొకడు. చివరికి డీగ్రీజరు అనే సీసా వచ్చింది. దాని వెనకాలే పాత పళ్ల బ్రష్షులు, నా నూలు చీర ఒకటి చింపిన గుడ్డలు, ఇవన్నీ పెట్టుకోవడానికి ఒక ప్లాస్టిక్ డబ్బా వచ్చాయి. చీర నన్నడిగి చింపలేదు.

కడిగాక నూనె వేయాలి. అసలు కథ అక్కడ మొదలైంది. డ్రై లూబ్ అని ఒకటుంది. దుమ్ముకు మంచిది, వాన పడితే కొట్టుకుపోతుంది. వెట్ లూబ్ అని ఇంకొకటుంది. వానకు నిలుస్తుంది, కానీ ఊళ్లో దుమ్మునంతా పిలిచి పీట వేసి కూర్చోబెట్టుకుంటుంది. సికింద్రాబాదులో ఆ రోజుల్లో పొద్దున దుమ్ము, సాయంత్రం వాన. మరి ఏది వేయాలి? ఈ ప్రశ్న తేలేదాకా సైకిలు గడప దాటడానికి వీల్లేదు. ఆయన ఒకటి వేసేవారు, మర్నాడు మబ్బు పట్టిందని కడిగేసి రెండోది వేసేవారు. చెయిను లంకె లంకెకూ ఒక్కొక్క చుక్క, హోమియోపతి మందు వేసినట్టు.

"ఏందండీ, గా సైకిల్ తొక్కుతరా, లేకపోతే గిట్లనే రోజూ తలంటు పోసుకుంట కూసుంటరా?" అని అడిగాను.

"నీకు తెల్వదు. తప్పు నూనె పోస్తే చెయిన్ మొత్తం ఖరాబైతది" అన్నారు.

"చెయిన్ సంగతి సరే, మీ షుగర్ సంగతేంది?"

ఆయన తరవాతి లంకెకు చుక్క వేశారు. ఆయనది శ్రీకాకుళం వైపు. ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. నేను ఈ సందుల్లోనే పుట్టి పెరిగినదాన్ని. మామూలుగా ఆయన మా మాటే మాట్లాడతారు. కోపమో భయమో వస్తే మాత్రం ఆయన నాలుక రైలెక్కి సొంతూరు వెళ్లిపోతుంది.

మా అత్తమ్మ నాలుక ఎప్పుడూ అక్కడే ఉంటుంది. బాల్కనీలో వరసగా నిలబెట్టిన సీసాలు చూసి ఆవిడ నిట్టూర్చింది. "మా కాలంలో బండి ఇరుసుకి ఆముదంలో గడ్డిమసి కలిపి ఎట్టీవోరు. ఏ ఎద్దూ ఇదేటి నూనె అని అడగనేదు."

కందెన వేయని బండికి కావలసినంత సంగీతం అంటారు. మా ఇంట్లో కందెనకు కొదవ లేదు. సంగీతమంతా నాది. నిజం చెప్పాలంటే అది సాధింపు కాదు, దడ. బతుకమ్మ పూలు బజారుకు వచ్చేశాయి, కార్తీకం ఎంతో దూరం లేదు, ఈయనకు నుదుటి మీద చెమట చుక్క కూడా పుట్టలేదు.

దసరా నాడు పొద్దున్నే సైకిలుకు పూజ అన్నది అత్తమ్మ. ఆయన స్నానానికి వెళ్తూ, "అమ్మా, చెయిన్ జోలికి మాత్రం పోవద్దు" అని ఒకటికి రెండుసార్లు చెప్పి వెళ్లారు. ఆవిడ పోలేదు. హ్యాండిలుకు బంతిపూల దండ కట్టి, బొట్టు ఎక్కడ పెట్టాలా అని చూసింది. చక్రాల నడుమ తళతళలాడుతూ గుండ్రటి బిళ్లలు కనిపించాయి. పొడి కుంకుమ ఇనుము మీద నిలవదు కాబట్టి, ఇనప బీరువాకు పెట్టేటప్పుడు చేసే పద్ధతిలోనే నువ్వుల నూనెలో కలిపి, ముందు బిళ్లకూ వెనక బిళ్లకూ నిండుగా బొట్లు పెట్టింది. ఆ బిళ్లలే డిస్కులు. బ్రేకు పట్టుకుని ఆపేది వాటినే. లోకంలో ఎక్కడ నూనె పడినా పరవాలేదు గానీ వాటి మీద చుక్క పడకూడదు. ఈ సంగతి ఆయనకు తెలుసు. కానీ అన్నాళ్లుగా ఆయన చూపంతా చెయిను మీదే. చెయిను కుడివైపు, బిళ్లలు ఎడమవైపు.

పూజయ్యాక చక్రాలతో నిమ్మకాయలు తొక్కించి, బండిని కాస్త దూరం నడపాలి. లేకపోతే పూజ పూర్తికాదని అత్తమ్మ పట్టుబట్టింది. నా మాటకు దిగని సైకిలు అమ్మవారి మాటకు దిగింది. నిమ్మకాయలు చితికాయి. మా సందు పెద్ద రోడ్డు వైపు వాలుగా ఉంటుంది. ఆయన నిటారుగా కూర్చుని, చిన్న చప్పుడు కూడా లేకుండా జారిపోతుంటే గేటు దగ్గర నిలబడి నేను పొంగిపోయాను. సందు మలుపు దాకా వెళ్లాక "ఓలమ్మ" అని వినిపించింది. ఆయన నాలుక రైలెక్కిందని అర్థమైంది.

కొంతసేపటికి సైకిలు తోసుకుంటూ వచ్చారు. దెబ్బలేమీ తగల్లేదు. కాళ్లు నేలకు రాస్తూ ఆపుకొచ్చారట, ఒక చెప్పు తెగి చేతిలో ఉంది. డిస్కును వేలితో తాకి వాసన చూశారు.

"ఎవులెట్టినారు ఈ నూనె?"

"నానే" అన్నది అత్తమ్మ. "చెయిన్ జోలికెల్లొద్దన్నావు. నానెల్లనేదు."

ఆయన లోపలికి నడిచారు. కరోనా నాటి శానిటైజరు సీసా అలమారలో మిగిలి ఉంటే దానితో డిస్కులు తుడిచారు. అవి శుభ్రమయ్యాయి గానీ బ్రేకు ప్యాడ్లు నూనె తాగేశాయి. అవి మార్చాల్సిందే. ఫోనులో తెప్పిస్తే వేరే ఆకారంవి వచ్చాయి. ఇక చేత్తో పట్టి చూస్తే తప్ప కొననని శపథం చేసి, పాత ప్యాడు చొక్కా జేబులో వేసుకుని, ఆఫీసు నుంచి రాగానే రాంగోపాల్‌పేట్ సైకిలు దుకాణాలకు బయల్దేరారు. ఆటోలో పోతే చిన్న దుకాణాలు కంటబడవని నడకే. కొత్త నూనె సీసాతో తిరిగి వస్తారేమోనని కూరగాయల సంచి పట్టుకుని నేనూ వెంటబడ్డాను.

దుకాణంవాళ్లు ప్యాడును అటూ ఇటూ తిప్పి, "ఈ మోడల్ లేదు సార్, మల్లొకసారి రాండి" అనేవారు. మేం మళ్లీ వెళ్లేవాళ్లం. తిరుగుదారిలో మోండా మార్కెట్‌లో కూరలు కొనేవాళ్లం, సంచి ఆయన మోసేవారు. ఇల్లు చేరేసరికి చొక్కా వీపుకు అతుక్కుపోయి ఉండేది. ఆ చెమట చూసి నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. అయినా పైకి మాత్రం, "మంచిగ తుడుసుకోండి, తుప్పు పడ్తది" అనేదాన్ని.

ఒక సాయంత్రం కూరల సంచి చెయ్యి మార్చుకుంటూ ఆయనే మాట ఎత్తారు. "మా నాన్నకి అమ్మే సూది ఏసీది. స్టీలు డబ్బాలో ఎట్టి మరగబెట్టీది. ఆ డబ్బా సప్పుడు ఇంటే నాను గోడ దూకి పారిపోయీవోణ్ని."

కోపమేమీ లేదు, అయినా ఆయన మాట సొంతూరు వెళ్లిపోయింది. ఇన్నేళ్ల కాపురంలో ఈ సంగతి నాకు చెప్పలేదు.  ఆయన భయపడుతున్నది నొప్పికి కాదని, ఆ డబ్బా చప్పుడుకని అప్పుడు తెలిసింది. చాలా జాలేసింది. ఇల్లు వచ్చేదాకా ఆయన పక్కనే నడిచాను, ఎప్పటిలా రెండడుగులు వెనక కాదు.

కార్తీకం దాటింది. పరీక్ష కాగితం చూసి డాక్టరు కళ్లజోడు సర్దుకున్నాడు. "సైకిలు బాగా పనిచేసిందే. ప్రస్తుతానికి సూది అక్కర్లేదు, ఇదే సాగించండి." ఈయన సిగ్గులేకుండా తలూపి, "చెయిన్‌కు సరైన నూనె వేయాలండీ, అందులోనే ఉంది" అన్నారు. ఇంటికొచ్చి చెబితే అత్తమ్మ, "నా బొట్టు" అని ఒక్కమాట అని పూజగదిలోకి వెళ్లింది. చాలాసేపటికి బయటికి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

మర్నాడు వంటింటి తలుపు కిర్రుమంటుంటే, ఒక చుక్క వేద్దామని ఆయన డబ్బా తెరిచాను. డ్రై సీసా తీశాను, వెట్ సీసా తీశాను. అడుగున నా చీర ముక్క కింద చిన్న పొట్లం ఉంది. విప్పని బ్రేకు ప్యాడ్లు. ముందుకొక జత, వెనక్కొక జత. అన్ని దుకాణాల్లో చూసి చూసి ఆ ఆకారం నేను కళ్లు మూసుకుని గుర్తుపట్టగలను. అవే. పొట్లం మీద నూనె సీసా అడుగు గుండ్రంగా ముద్రపడి, ఆ జిడ్డు మీద దుమ్ము పేరుకుని ఉంది. కొని చాలా రోజులైందన్నమాట.

నాకు నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. పొట్లాన్ని ఎలా ఉన్నదాన్ని అలాగే పెట్టి చీర ముక్క కప్పేశాను.

సాయంత్రం ఆయన టీ తాగి, పాత ప్యాడు జేబులో వేసుకుని, నా మొహం చూడకుండా అన్నారు. "ఆ ప్యాడ్లు ఇంకా దొరకలేదు. ఇయాల ఒకసారి చూసొద్దామా?"

"గంత జల్ది యాడ దొరుకుతయండీ" అని నేను సంచి అందుకున్నాను.