విశ్రాంతికి పావుగంట

మా అమ్మాయి ఎంసెట్‌కు చదివేటప్పుడు నేను నెల సెలవు పెట్టి, అరగంటకొక పాఠం చొప్పున టైంటేబుల్ గీసి గోడకు అంటించాను. వారం తిరక్కుండానే పిల్ల పుస్తకం ముందు ఏడుస్తూ కూర్చుంది.

"ఏం చదివినా తలకెక్కడం లేదు నాయనా!"

వెంటనే ఉదయం పదింటికి పావుగంట విశ్రాంతి చేర్చాను. ఆ వేళకు గడియారం పట్టుకుని పక్కనే నిలబడ్డాను.

"ఇంకా ఏడు నిమిషాలుండాయి. కండ్లు మూసుకోమ్మా."

వంటింట్లోంచి మా ఆవిడ వచ్చింది. "మీరు యాడికన్నా పొండి సామీ. బిడ్డకు అదే విశ్రాంతి."

కోపంతో అలిపిరి మెట్లెక్కి కొండకు వెళ్లాను. సాయంత్రం తిరిగొచ్చేసరికి అమ్మాయి హాయిగా నిద్రపోయి లేచి, కూనిరాగం తీస్తూ లెక్కలు చేస్తోంది.

"రేపు గూడా పోయి రాండి," అంది మా ఆవిడ.

పరీక్ష దాకా నా డైరీలో రోజూ ఒకటే రాత: "కొండకు వెళ్లాను. అమ్మాయి బాగా చదివింది."