కనబడని డిస్కు, కొట్టని కొబ్బరికాయ

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ ఏదీ ఉండేది కాదు. (తెలియనివి బోలెడు ఉంటాయని తెలిసే వయసు ఇంకా రాలేదు.) డిగ్రీ అప్పుడే అయిపోయింది. మేడ్చల్‌లో మా నాయిన నడిపే ఫోటో స్టూడియోలో, పెళ్ళి ఆల్బమ్‌లు తయారుచేసే కుర్చీ మీద నా కన్ను పడింది. మా మేనత్త కొడుకు కన్ను అంతకుముందే పడి ఉంది. బహదూర్‌పల్లిలో సెల్‌ఫోన్ల దుకాణంలో పనిచేస్తూ, ఏది అడిగినా "నాకెరుకే" అనేవాడు కాబట్టి అతను మా అందరికీ 'అన్నీ ఎరుక బావ'. పాత కంప్యూటర్ ఒక్క ఫోటో తెరిచేలోపు మనం వెళ్ళి చాయ్ తాగి రావచ్చు. అందుకని నాయిన వెంటపడి కొత్తది కొనిపించాను. తీరా చూస్తే అందులో ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించే మనిషి వారం దాకా రాడట. "నేనే ఎక్కిస్త నాయినా" అన్నాను. నాయిన నన్నూ బావనూ మార్చి మార్చి చూసి తేల్చేశాడు: "సరే బిడ్డా. అయ్యగారు చెప్పిన ముహూర్తం దాటకముందే నడిస్తె కుర్చీ నీది. నడవకుంటె డబ్బా వాపస్, కుర్చీ బావది."

ఆ రోజు పొద్దున్నే శామీర్‌పేట నుంచి మా అవ్వ పసుపు, కుంకుమ, బంతిపూలు పట్టుకుని బస్సు దిగింది. కంప్యూటర్‌కు పెద్ద బొట్టు పెట్టింది, మానిటర్‌కు దండ వేసింది. (దండ వేలాడి తెర సగం కనబడకపోతే నేనే పక్కకు జరిపాను.) నాయిన తలంటుకుని వచ్చి, చేతిలో కొబ్బరికాయతో గడప దగ్గర నిలబడ్డాడు. నేను మహా ధీమాగా పని మొదలుపెట్టాను. ఏ డిస్కులో ఎక్కించాలో ఎంచుకోమంది తెర. ఎంచుకోవడానికి అక్కడ ఒక్క డిస్కూ లేదు. డ్రైవ్‌లేవీ కనబడలేదని కింద ఒక ముక్క మాత్రం ఉంది.

"డిస్కే పెట్టలే మామా! ఖాళీ డబ్బా అంటగట్టిన్రు. నేను ముందే అనుకున్న," అన్నాడు, చూడ్డానికని వచ్చి నా వెనకే నిలబడ్డ బావ.

"కొట్టాల్నా, ఆగాల్నా బిడ్డా?" అన్నాడు నాయిన, కాయ పైకెత్తి.

"ఆగు నాయినా!"

ఫోన్‌లో వెతికితే సంగతి తెలిసింది. డిస్కు లోపల నిక్షేపంగా ఉంది, ఎక్కించే ప్రోగ్రామ్‌కే దాన్ని గుర్తుపట్టడం రాదు. ఇదీ దుండిగల్ దిక్కు కొత్త కాలనీల సంగతి లాంటిదే: ఇల్లు ఉంటుంది గానీ పార్శిల్ తెచ్చినవాడికి దొరకదు, ఎవరో ఒకరు ఎదురెళ్ళి దారి చూపించాలి. ఇక్కడ దారి చూపించేది స్టోరేజ్ డ్రైవర్ అనే చిన్న ఫైలు. పాత కంప్యూటర్ బతిమాలించుకుని బతిమాలించుకుని దాన్ని నెట్‌లోంచి దించింది. కొత్త పెన్‌డ్రైవ్‌లో వేసి, బల్ల మీద పెట్టి, తీగలు సర్దుకుని చూస్తే పెన్‌డ్రైవ్ లేదు! బల్ల కింద వెతికాం, నాయినను పక్కకు జరిపి చూశాం, బావ జేబులు తిరగేయించాను. చివరికి గోడ మీది దేవుడి పటం ముందు దొరికింది. ఒళ్ళంతా పసుపు, నడుమ కుంకుమ, పైన ఒక బంతిపువ్వు.

"అవ్వా! ఏందే గిది?"

"కొత్తది గాదే? గంత పెద్దదానికి బొట్టు వెట్టి, గీ చిన్నదాన్ని ఇడిసిపెడితె ఎట్ల?" అంది అవ్వ.

చున్నీతో తుడిచి, దేవుడికి దండం పెట్టి గుచ్చాను. డ్రైవర్ ఏదీ దొరకలేదంది తెర. "పసుపు లోపలికి పోయింది, ఇగ ఖతం," అన్నాడు బావ సంబరంగా. అవ్వ మొహం చిన్నబోయింది. నాకూ ఆమె మీద అరవాలనే అనిపించింది, పాపం. కానీ పాత కంప్యూటర్‌కు పెట్టి చూస్తే పెన్‌డ్రైవ్ బంగారంలా తెరుచుకుంది. దించిన ఫైలు జిప్ మూటగా వచ్చింది, నేనే దాన్ని విప్పకుండా అట్లాగే ఇచ్చాను! మూట విప్పి, లోపలి ఫైళ్ళు వేసుకుని మళ్ళీ వచ్చాను.

"ముహూర్తం దాటుతాంది బిడ్డా! కొట్టాల్నా, ఆగాల్నా?"

"ఆగు!"

డ్రైవర్ పేరు ఒక వరుసలో వచ్చింది. నొక్కాను. తెర కాసేపు ఆలోచించుకుంది. మరుక్షణం డిస్కు నిండుగా, దర్జాగా ప్రత్యక్షమైంది. నేను వేసిన కేకకు పక్క టిఫిన్ సెంటర్ వాళ్ళు అట్లకాడతో సహా పరుగెత్తుకొచ్చారు.

"కొట్టు నాయినా!"

కాయ భళ్ళుమంది. నీళ్ళు బావ కొత్త బూట్ల మీద పడ్డాయి. "ఇంకా ఎక్కనే లేదు గద మామా, నడిస్తెనే గద కుర్చీ?" అన్నాడు బావ కాళ్ళు విదిలించుకుంటూ. "కనబడ్డది గదరా, సాలు! ఎక్కుడెంత సేపు?" అని నాయిన నన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టాడు. అవ్వ అందరికీ కొబ్బరిముక్కలు పంచుతూ, "నేను బొట్టు వెట్టినంకనే దొరికింది," అని చాటింపు వేసింది. ఇంకో ముక్క ఇమ్మని నేను చెయ్యి చాపాను.

కుర్చీ ఇప్పటికీ నాదే. మొన్న బావ ఫోన్ చేశాడు. "కొత్త ల్యాప్‌టాప్ కొన్న మరదలా, డిస్కు లేదంటాంది. ఖాళీ డబ్బా ఇచ్చిన్రు."

"బొట్టు వెట్టినవా బావా?" అన్నాను.

సొరుగులోంచి అదే పెన్‌డ్రైవ్ తీసుకెళ్ళాను. దాని మూతి దగ్గర పసుపు ఇంకా పోలేదు. చాయ్ చల్లారేలోపు పని అయిపోయింది. డిస్కు కనబడింది, నేను కేక వేయలేదు, ఎవరూ పరుగెత్తుకు రాలేదు. ఆ రోజు చేసిందీ ఇంతే, ఒక మూట విప్పి చేతికివ్వడం. దానికే ఆ పిల్ల మేడ్చల్ బస్టాండ్ గుండా కోట గెలిచినట్టు నడిచి ఇంటికి వెళ్ళింది. ఆ నడక ఇప్పుడు నేను ఎంత ప్రయత్నించినా రావడం లేదు.