దండోరా వేసిన రోజు చేసిన టార్టు

లియోనీ నోటికి జడిసి లోయలో సగం మంది ఆమె గుమ్మం తొక్కేవారు కాదు. రంపపు మిల్లు కూలివాడి కూతురు. మొగుణ్ణి, లోయని ఆక్రమించుకున్న జర్మన్లు బలవంతంగా తమ సైన్యంలోకి లాక్కుపోతే రష్యాలో ఎక్కడో పోయాడు. ఊరివాళ్లకి ఇస్త్రీలు చేస్తూ, కొండ మీద పొదల్లో కాసే నల్లపండ్లు కోసి అమ్ముతూ కూతురు సుజెల్‌నీ, అత్త కాత్రిన్‌నీ సాకింది. మేయరంతటివాణ్ణి కూడా కడిగిపారేసేది. అంతటి మనిషీ ఒక్కరికి మాత్రం చేతులెత్తి మొక్కింది.

యుద్ధం నడుస్తుండగా ఒక చలికాలం సుజెల్‌కి కంఠసర్పి వచ్చింది. కొండ మీది ఖైదీల క్యాంపులో ఉండే జర్మన్ డాక్టరు రీమర్, మోకాళ్ల లోతు మంచులో దిగివచ్చి పిల్లని బతికించాడు. ఏమీ పుచ్చుకోలేదు. సుజెల్ ఆయన్ని డాక్టరు మామ అనేది.

యుద్ధం ముగిసిన మరుసటి ఏడు ఇంగ్లీషు సైన్యం నుంచి ఒక అధికారి లియోనీ ఇంటికి వచ్చాడు. ఇంగ్లండు నుంచి రహస్యంగా పని చేయడానికి వచ్చి పట్టుబడ్డ నలుగురు ఆడవాళ్లని ఆ క్యాంపుకి తెచ్చి, విచారణ లేదు తీర్పు లేదు, వచ్చిన రోజే విషపు సూదులు పొడిచి చంపేశారట. పొడిచింది రీమరే అని కేసు. ఆయనేమో ఆ వారమంతా సెలవులో సొంతూళ్లో ఉన్నానంటున్నాడు. కాదని చెప్పగలిగేది, ఆ రోజు ఆయన్ని ఊళ్లో చూసిన లియోనీ ఒక్కతే.

"పిల్లని బతికించినోడికి ఉరితాడు పేనడానికి పోతావుటే? నీ కళ్లు పోనూ!" అని కాత్రిన్ శోకాలు పెట్టింది.

"అత్తా, ఆ నలుగుర్నీ కన్నవాళ్లు ఉండరూ?" అంది లియోనీ. అందే గాని, కోర్టుకి బయల్దేరేదాకా ఆమెకి ముద్ద దిగలేదు.

కోర్టు జర్మనీలో. బోనులో రీమర్ చిక్కిపోయి ఉన్నాడు. ఆమెని చూడగానే ముఖం విప్పారింది. ఎవరూ అడక్కుండానే అన్నాడు: "సుజెల్ ఎలా ఉందమ్మా?"

"బాగుంది డాక్టరుగారూ. మీ దయవల్ల బడికి పోతోంది."

ఆ మాట అన్నాక ఆమెకి ఇక్కడితో ఆపేసి ఇంటికి పోతే ఎంత బాగుండు అనిపించింది. పాపం, ఎవరికి అనిపించదు!

రీమర్ తరఫు వకీలు లేచాడు. "రెండేళ్ల కిందటి తేదీ మీకెలా గుర్తుందమ్మా?"

"తేదీ నాకెందుకయ్యా? దండోరా గుర్తుంది. మా కొండ మీద దండోరా వేసేదాకా నల్లపండు ముట్టడానికి లేదు. ఏడాదికి ఒక్కసారే వేస్తారు. ఎప్పుడు వేశారో మా లోయలో ఎవర్నడిగినా చెబుతారు. ఆ పొద్దున్నే వెళ్లి కోశాను. మధ్యాహ్నం దిగి వస్తుంటే ఆ నలుగురూ కాపలావాళ్లతో పైకెక్కుతూ ఎదురయ్యారు. ఒకమ్మాయి, తలకి ఎర్ర రిబ్బను, నా బకెట్టు వంక చూసింది. గుప్పెడు పండ్లు చేతిలో పోశాను. నవ్వింది."

"మరి డాక్టరు?"

లియోనీ బోను వైపు చూడలేకపోయింది. "సాయంత్రం పిల్లని చూసిపోదామని వచ్చారు. వేణ్ణీళ్లడిగి చాలాసేపు చేతులు కడుక్కున్నారు. అదే బకెట్టు పండ్లు రొట్టె మీద పరిచి కాల్చిన టార్టు పెట్టాను. రెండు ముక్కలు తిన్నారు. పెదాలు నీలంగా అయితే సుజెల్ ఒకటే నవ్వు. ఆ రిబ్బను అమ్మాయి అప్పటికే చచ్చిపోయిందని నాకు తెలీదయ్యా. తెలిస్తే పెట్టి ఉందునా?"

రీమర్ తల వంచుకున్నాడు. ఇంక సెలవు మాట ఎత్తలేదు.

రీమర్‌కి శిక్ష పడ్డదన్న కబురు ఆమె కంటే ముందే ఊరు చేరింది. కాత్రిన్ ఆమెని చూసి లోపలికి పోయింది. సుజెల్ మాత్రం ఎదురొచ్చి గౌను పట్టుకుంది.

"డాక్టరు మామ నన్నడిగాడా?"

"అడిగాడే. బాగున్నావని చెప్పాను."

"ఇంకేం చెప్పావు?"

"మనింట్లో టార్టు తిన్నాడని చెప్పాను."

"మంచిపని చేశావమ్మా! అయితే ఆయన్ని వదిలేస్తారు కదూ?" అంది సుజెల్.