వదులు జడ

ఆ ఇంట్లో తెల్లవారడమంటే అక్క దువ్వెన పట్టుకుని కిటికీ దగ్గర పీట వేసుకోవడమే. కిటికీ వెలుతురుతో ఆమెకు పని లేదు. నీటికాసులు వచ్చి రెండు కళ్ళూ పోయి చాలా ఏళ్ళయింది. చెల్లెలు ఆమె ముందు నేల మీద చతికిలబడేది, నలభై అయిదేళ్ళు దాటినా చిన్నపిల్లలా. వాళ్ళమ్మ పోయిన నాటి నుంచీ ఆ జడ అక్క చేతిదే.

చెల్లెల్ని అందరూ కాజాలమ్మ అంటారు. చొక్కాల కంపెనీలో కాజాలు కుట్టే మిషను ఆమెది. చూపున్నన్నాళ్ళూ అక్కదీ కుట్టుపనే. ఇప్పుడు చెల్లెలు ఆమెను పొయ్యి దగ్గరికి రానివ్వదు, కత్తెర ముట్టనివ్వదు.

"నాకు మిగిలిన ఉద్యోగం నీ తలకాయేనే. ఆదివారం సెలవు కూడా ఇవ్వవు" అని అక్క నవ్వేది.

ఆ తలకే కష్టం వచ్చింది. ముందు దువ్వెనలో, తర్వాత దిండు మీద, ఆ తర్వాత స్నానాల గది తూము దగ్గర వెంట్రుకలు కనబడసాగాయి. పాపిట వెడల్పయి నెత్తి చర్మం బయటపడింది. కాజాలమ్మ బస్సులో సీటు ఖాళీగా ఉన్నా కూర్చోవడం మానేసింది. కూర్చుంటే నిలబడ్డవాళ్ళకు నడినెత్తి కనిపిస్తుందని భయం. ప్రార్థనకు వెళ్ళినా అందరికంటే వెనక, గోడకు ఆనుకుని నిలబడేది. భగవంతుడి ముందు తల వంచాలన్నా వెనక ఎవరున్నారో చూసుకోవలసి వచ్చిందే అని లోపల్లోపల ఏడ్చేది.

అక్కకు మాత్రం చెప్పలేదు. అక్క వేళ్ళు దువ్వెన పళ్ళ మీదికి వచ్చేలోపే దాన్ని అందుకుని, రాలినవి తీసి గుప్పెట్లో దాచేసేది. ఈ ఒక్క పనీ బెంగగా మారితే ఆమెకిక పొద్దెలా గడుస్తుంది?

అలా ఉండగా జడ వదులు కావడం మొదలైంది. ఒకప్పుడు అక్క జడ వేస్తే కనుబొమలు పైకి లేచేవి. ఇప్పుడేమో పాయ మీద పాయ ఊరికే ఆనించినట్టు ఉండేది. బస్సు దిగేసరికి సగం విడిపోయేది. అక్క చేతుల్లో పట్టు తగ్గిందనుకుంది కాజాలమ్మ. కళ్ళు పోయాయి, ఇప్పుడు చేతులు కూడానా? ఆ మాట అడగడానికి నోరు రాలేదు.

కంపెనీలో ఇస్త్రీ బల్ల దగ్గర పనిచేసే ఆవిడను అందరూ వదినా అంటారు. రోజూ పని మొదలయ్యే ముందు ఆమే కాజాలమ్మను మూలకు లాక్కెళ్ళి జడ మళ్ళీ వేసేది.

"ఏంటే ఇది, ఎలుక తోకంత జుట్టుకు ఇద్దరు పనిమనుషులా?" అనేది. అంటూనే, ఎవరికీ కనబడకుండా పాపిట పక్కకు జరిపి, పల్చబడిన చోటును కప్పేది.

ఒకరోజు వదిన పనికి రాలేదు. కాజాలమ్మ గుడ్డ మీదికి వంగింది. జారిన పాయ మిషను బెల్టులో పడింది. పక్కామె కరెంటు కట్టేసింది కాబట్టి సరిపోయింది. పిడికెడు జుట్టు మాత్రం బెల్టుకే ఉండిపోయింది. మేస్త్రీ పరుగున వచ్చాడు. కోపం కంటే భయమే ఎక్కువగా ఉంది అతని గొంతులో.

"ఏమమ్మా, తల పోగొట్టుకుంటావా? ఇంకోసారి జుట్టు జారిందంటే మిషను మీద కూర్చోనివ్వను. దారాలు కత్తిరించే బల్లకు పంపించేస్తా, తర్వాత నన్ననుకోకు."

మర్నాడు సంగతి విన్న వదిన ఆమెను డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. డాక్టరమ్మ పాపిట తీసి ఓపిగ్గా చూసింది, రక్తం పరీక్ష చేయించింది.

"ఆడవాళ్ళ ఒంట్లోనూ మగ హార్మోను కొంచెం ఉంటుందమ్మా. నెలసరి ఆగిపోయే వయసులో ఆడ హార్మోను తగ్గేసరికి దాని జోరు ఎక్కువవుతుంది. కొందరికి ఇలా నడినెత్తిన పల్చబడుతుంది. నీ తప్పేం లేదు. రోజూ రాసుకోవడానికి మందిస్తాను. ఉన్నది నిలబడితే మంచిదే. పోయిందంతా తిరిగొస్తుందని మాత్రం మాట ఇవ్వలేను."

ఆ సాయంత్రం కాజాలమ్మ అక్క పక్కన కూర్చుంది.

"అక్కా, రేపట్నుంచి జడ వద్దే. జుట్టు కురచగా కత్తిరించుకుంటా."

అక్క ఉలిక్కిపడలేదు. "నా వల్లే కదూ?" అంది.

"నీ వల్ల ఏంటి?"

"ఊడుతోందని నాకు తెలియదనుకున్నావా? పోయింది కళ్ళేనే, వేళ్ళు కాదు. చిన్నప్పట్నుంచీ లాగి లాగి బిగించాను. అందుకే కుదుళ్ళు వదిలేశాయనుకున్నా. ఈ మధ్య తగిలీ తగలనట్టు వేస్తున్నా. రోజూ దేవుడికి చెప్పుకుంటున్నా, నా చేతి పాపం దాని తల మీద పెట్టకు స్వామీ అని."

కాజాలమ్మ అక్క చేతులు పట్టుకుంది. ఆ వదులు జడే తన జుట్టును బెల్టులోకి తోసిందని అక్కకు ఎలా చెప్పడం? చెప్పలేదు. డాక్టరమ్మ చెప్పింది మాత్రం పొల్లు పోకుండా చెప్పింది. "నీ చేతులకు పట్టు పోయిందేమోనని నేను ఏడుస్తున్నానే, పిచ్చిదానా" అంది చివర్న. ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు పడి ఏడ్చారు, నడుమ నవ్వారు కూడా.

"నా తప్పు కాదన్నమాట" అంది అక్క కళ్ళు తుడుచుకుంటూ. ఆమె మొహంలో బరువు దిగింది. కాసేపటికి చేతులు ఒళ్ళో పెట్టుకుని మెల్లగా అడిగింది: "మరి పొద్దున్నే నేనేం చెయ్యనే?"



ఆదివారం వదిన వచ్చి జుట్టు చెవుల దాకా కత్తిరించింది. కంపెనీలో ఒకరిద్దరు నవ్వారు. మేస్త్రీ మాత్రం "హమ్మయ్య" అని మిషను మీద కూర్చోమన్నాడు.

మందు నడినెత్తిన చర్మానికి తగలాలి. తన తల తనకు కనబడదు కాబట్టి కాజాలమ్మ మొదటి రోజు సగం మందు నుదుటి మీదే పోసుకుంది. అక్క సీసా లాక్కుంది. బోసిపోయిన చోటు వేళ్ళకు ఇట్టే దొరికింది. అప్పట్నుంచి ఆ పని అక్కదే అయింది. జడలా పొద్దు గడిపే పని కాదది. చుక్కలు వేసి, వేలితో అద్ది, చేతులు కడుక్కునేసరికి అయిపోతుంది.

"ఏమైనా వచ్చిందా అక్కా?" అని చెల్లెలు అడిగేది.

"లేదమ్మా" అనేది అక్క. ఉందని ఒక్కరోజు కూడా అబద్ధమాడలేదు.

నెలలు గడిచాయి. ఉన్నది నిలబడింది. పోయింది రాలేదు. ఇప్పుడు చెల్లెలు అడగడం లేదు. అక్క మందు అద్దడం అయ్యాక కూడా, బస్సు వేళ దాటుతోందని తెలిసీ, ఆ నెత్తి మీద అరచెయ్యి అలాగే ఉంచుతుంది. కాజాలమ్మ లేవదు.