నీళ్లు తాగిన చెక్క

ఈ పొద్దున కామారెడ్డిలో కొత్తగా పెట్టిన గిటార్ల కార్ఖానాకు ఇంటర్వ్యూకి వెళ్లాను. గడప దాటగానే వాల్‌నట్ చెక్క వాసన తగిలి, ఎల్లారెడ్డిలో మా బాపు వడ్రంగం చేసే రేకుల షెడ్డు గుర్తొచ్చింది.

అప్పుడు నాకు ఏడేళ్లు. దోమకొండ భజన వాళ్లు తంబుర చేసిమ్మంటే, బాపు పనస చెక్కలను ఒక్కొక్కటే వేలితో తట్టి, చెవి పెట్టి విని, ఒకదాన్ని ఏరాడు.

"మస్తు ఎండింది. గిదే కావాలె," అన్నాడు.

ఎండిందంటే దానికి దాహమేస్తోందనుకున్నాను. బాపు బజారుకు పోగానే జాలిపడి, దాన్ని నీళ్ల తొట్టిలో ముంచి పెట్టాను.

సాయంత్రం బాపు దాన్ని తొట్టిలోంచి తీసి మళ్లీ తట్టాడు. పొద్దున ఖంగుమన్న చెక్క దబ్బుమంది.

"తొట్ల ఎందుకేసినవ్ బిడ్డా?"

"దానికి దూపైతుందని, బాపు."

ఆయన కొట్టలేదు. నా చెవిని చెక్కకు ఆనించి మళ్లీ తట్టాడు. "విను. నీళ్లు తాగిన చెక్క పలుకదు."

ఇవాళ కార్ఖానా మేస్త్రీ నా ముందు నాలుగు వాల్‌నట్ చెక్కలు పెట్టి, గిటారుకు పనికొచ్చేది తీయమన్నాడు. అన్నిటికన్నా అందమైన చారలున్నది తడితే దబ్బుమంది. పక్కన పెట్టేశాను. సాదాగా ఉన్నది ఖంగుమంది. ఉద్యోగం నాదే! మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది, నెల జీతం మీద చేరే మొదటి మనిషినీ నేనే.

ఫోన్లో బాపుకు చెప్పాను.

"మంచిగైంది బిడ్డా," అన్నాడు. "దూపైతుందని గాడ గూడ చెక్కలకు నీళ్లు తాపకు."