ప్రార్థనకు ముందు ముద్ద

తన పెళ్ళి ఎలా కుదిరిందో చెప్పమంటే బైండింగు మాస్టారు ఇప్పటికీ ముందు నాలుకతో అంగిలి తడుముకుంటారు.

ఆ రోజుల్లో ఆయనకు మీసం మీదున్న నమ్మకం మరి దేనిమీదా లేదు. షాపులో ఆయన పుస్తకాలు కుడుతుంటే, ఎదురుబల్ల దగ్గర అచ్చు కాగితాలు మడతపెట్టే అమ్మాయి ఆయనమీద మనసుపడింది. ఇద్దరి మతాలూ వేరు. ఆమె నాన్న గడియారాలు బాగుచేసేవాడు. అవుననలేదు, కాదనలేదు. ముందు భోజనానికి రమ్మను, మనిషిని చూశాక చెబుతానన్నాడు.

మాస్టారి ఇంట్లో వడ్డించిన కంచం ముందు ఆగకూడదు. మొదటి ముద్ద నోట్లోకి వెళ్ళేదాకా వాళ్ళమ్మ పక్కనుంచి కదిలేది కాదు. చల్లారబెడితే వంట నచ్చలేదనే లెక్క. ఆ అలవాటుకొద్దీ, ఆ వేళ అమ్మాయి ఇంట్లో పొగలు కక్కే ముద్ద ఇంతది నోట్లో కుక్కుకున్నారు. తీరా చూస్తే చుట్టూ అందరూ చేతులు జోడించి కళ్ళు మూసుకుని ఉన్నారు.

గడియారాలాయన ప్రార్థన అందుకున్నాడు. వీధిలో జబ్బుపడ్డవాళ్ళను, ప్రయాణాల్లో ఉన్నవాళ్ళను, దూరపు చుట్టాలను ఒక్కొక్కరినే దేవుడికి అప్పగిస్తున్నాడు. నమిలితే చప్పుడు, మింగితే మంట, ఉమ్మితే సంబంధం గల్లంతు. బుగ్గ ఉబ్బించుకుని కూర్చున్న మాస్టారి కళ్ళలోంచి బొటబొటా నీళ్ళు.

కళ్ళు తెరిచిన పెద్దాయన అది చూసి కదిలిపోయాడు. మా ప్రార్థనకు ఇంతగా కరిగినవాణ్ణి ఎక్కడా చూడలేదన్నాడు. నోరు మూసుకుంటే పిల్ల దక్కినట్టే. ఆ అమ్మాయి కూడా మూసుకోమన్నట్టే చూసింది.

మాస్టారు ఎలాగో మింగి, "భక్తి కాదండీ, నోరు కాలింది," అన్నారు. తమ ఇంటి పద్ధతీ చెప్పారు.

పెద్దాయన మొహం వాడిపోయింది. "అయితే మీ ఇంట్లో మా పిల్ల ప్రార్థన చేసుకోవాలా, మీ అమ్మ కోసం గబగబా తినాలా?"

"చేసుకున్నాకే వడ్డిస్తామండీ. ఖాళీ కంచం ఎంతసేపైనా ఆగుతుంది."

"నోరు కాలినా అబద్ధం చెప్పలేదు, ఇంకేం చూస్తావురా," అంది అమ్మాయి నాయనమ్మ, కొడుకుతో.

అలాగే జరిగింది. ఏళ్ళతరబడి కోడలు ఖాళీ కంచం ముందు కళ్ళు మూసుకుంటే, ఎవరికోసమూ ఆగని అత్తగారు గరిటె పట్టుకుని నిలబడేది. మరీ సాగితే గిన్నె అంచుమీద టక్కుమని కొట్టేది. కోడలు కళ్ళు తెరవకుండానే నవ్వి, మిగిలిన చుట్టాలందరినీ ఒక్క మాటలో అప్పగించేసేది.

అత్తగారు పోయాక వడ్డన మాస్టారిది. ఆయనకు గిన్నెమీద కొట్టబుద్ధి కాదు. ప్రార్థన ఎక్కడ ఆపాలో ఇప్పుడు భార్యకు తెలియడం లేదు.